సందు

మండిబజారులో మా ప్రెస్సుకు
షట్టరు లేపుతుంటేనే వచ్చిండు ఆడెపు రాజవీరు,
కొత్తవాడ జంపఖానాల మనిషి.
మెట్టును కాలితో తడిమి
గల్లాపెట్టెను చేత్తో తడిమి
అంగీ జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి
ముక్కుకు ఆనించుకున్నడు.
ట్యూబులైటు కిందికి పోయిండు.
వాలుగా పట్టిండు, తిప్పిండు,
కోడి గింజను చూసినట్టు
ఒంటి కంటితో, పక్కనుంచి.

"బిడ్డా, గీడ వాడవచ్చు అనున్నదా
వాడవద్దు అనున్నదా?
మనుమరాలు వద్దంటది.
నేను వచ్చు అని చదివిన.
పన్నెండు దినాలాయె."

ఆ కాయితం నాదే.
కంటి దవాఖానకు రెండు వేలు కొట్టినం.
ఒక్క అచ్చుతప్పు లేదని
ఆ రోజు ఖాజా భాయి చాయ్ తాపిండు.
లేత పసుపు మీద బూడిద రంగు అక్షరం,
చుట్టూ మల్లెతీగ,
వెనుక నీడలా దవాఖాన బొమ్మ,
మెరిసే కాయితం.
మేడారం బస్సులో జనాన్ని ఎక్కించినట్టు
పది జాగ్రత్తలను ఒక్క పేజీలో ఎక్కించి
ఎంత ముద్దుగున్నదో అనుకున్న.

మంట ఉంటే ఈ చుక్కలు వాడవద్దు.
మసక కంట్లో చకారానికీ దకారానికీ ఎంత దూరం?
ఒక చిన్న వంపు.
దాని కింద ఒత్తు, అదే పోలిక, అదే వంపు.
ఆ వంపులో ఒక ముసలి కన్ను
పన్నెండు దినాలు మండింది.

ఆయన కోప్పడలేదు.
కోప్పడితే బాగుండు.

అక్షరం సైజు పెంచిన. పద్నాలుగు. పద్దెనిమిది.
పక్కన స్టూలు మీద కూసోని చూసిండు.
"పెద్దగైంది గని
ముద్దగైంది."
నిజమే. పై వరుస ఒత్తు కాళ్లు చాపింది,
కింది వరుస గుడి తల లేపింది,
రెండూ కొట్టుకున్న కాడ
ఆయనకు మిగిలింది నల్లటి మరక.

చేతిసంచిలోంచి జంపఖానా ముక్క తీసి
నా వేలు పట్టుకొని దాని మీద నడిపించిండు.
"యాభై ఏండ్లు పోగులు లెక్కవెట్టిన.
పువ్వును పోగు నెయ్యది బిడ్డా,
సందు నేస్తది."

ఆ పూటంతా నేను రాసింది తక్కువ,
చెరిపిందే ఎక్కువ.
మల్లెతీగ పోయింది.
దవాఖాన బొమ్మ పోయింది, దాని వెంట పసుపు.
మెరుపు మీద లైటు జారిపడి
అక్షరాన్ని మింగుతదని
పదేండ్ల కొలువులో నాకెవరూ చెప్పలేదు.
గరుకు కాయితం, మీగడ రంగుది, వెతికి తెచ్చిన.
వరుసకూ వరుసకూ నడుమ
మనిషి నడిచేంత తొవ్వ వదిలిన.
కుడి అంచు సమంగా రావాలని
మాటల నడుమ సాగదీసిన ఖాళీలున్నయి చూడు,
అవి సందులు కావు, గుంతలు.
చూపు పడిపోయేది వాటిల్లోనే.
పూడ్చిన.
అంచు పండ్లూడిన దువ్వెనయింది. కానీ.

చివరికి ఆ ఒక్క మాట మిగిలింది.
ఇరవై రెండు పాయింట్లలో కూడా
వద్దు, వచ్చులాగే ఉన్నది,
పెద్ద వచ్చులాగ.
అప్పుడు సైజు కాదు, మాటనే మార్చిన.
మంట పుట్టిందా? చుక్కలు ఆపండి.

ఆపండి.
ఏ మసకలోనూ ఇంకో మాటతో కలవదు.

"ఒక్క కాయితం మూడయిందేందమ్మా,
పైసలు దవాఖానోళ్లిస్తరా, నువ్విస్తవా?"
అన్నడు ఖాజా భాయి.
నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
మిషను మాత్రం ఆపలేదు.

రాజవీరు చదివిండు, గొంతెత్తి,
ఒక్కో మాట
ఇటునుంచి అటు నాడె విసిరినట్టు.
మనుమరాలు లేకుండ, నేను లేకుండ.
మూడో కాయితం అడుగున ఆగిండు.

"గీ మూలకు చీమల బారేంది?"

ఏం లేదు తాతా, మా ప్రెస్సు పేరు. ఫోన్ నంబరు.
అలవాటుగా
ఆరు పాయింట్లలో పెట్టిన.

కాయితం మళ్లీ ముక్కుకు ఆనించుకున్నడు.
చాలాసేపు చూసిండు.

"రేపు తప్పయితే
ఎవల్ని అడగాలె మరి?"